బొల్లారం ఎండలో కొత్త హైబ్రిడ్‌కు పరీక్ష

మచ్చ బొల్లారంలో హోస్టా బతకదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో పిల్లల దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన అమ్మానాన్నలు అక్కడి ఇళ్ల నీడన గుబురుగా పెరిగిన ఆ ఆకుల మొక్కను తలుచుకుని ఇక్కడి నర్సరీల్లో అడుగుతూనే ఉంటారు. నీలి బూడిద రంగు ఆకులు, పసుపు అంచువి, తెల్ల అంచువి, జానెడు వెడల్పువి కొన్ని, బొటనవేలంతవి కొన్ని. ఒకసారి చూస్తే మరిచిపోలేం. కానీ అది జపాన్, కొరియా, చైనాల చలి ప్రాంతపు మొక్క. చలికాలంలో ఆకంతా ఎండిపోయి మొదలు మట్టిలో నిద్రపోవాలి. సుమారు ఆరు వారాలపాటు 5 డిగ్రీల దరిదాపు చలి తగిలితే గానీ ఆ నిద్ర పూర్తికాదు. మన ఉత్తర శివార్లలో చలిగాలులు వీచే రాత్రుల్లో పాదరసం 10 డిగ్రీల లోపుకి దిగినా, మధ్యాహ్నానికల్లా మళ్లీ 28 దాకా ఎక్కుతుంది. నిద్ర చాలని మొక్క మొదటి ఏడు చిన్న ఆకులతో లేస్తుంది, మరుసటి ఏడు ఇంకా చిన్నవాటితో. రోహిణి కార్తె మిగతా పని పూర్తి చేస్తుంది.

అయినా ఈ సమీక్ష హోస్టాతోనే మొదలుపెడుతున్నాను. కొత్తగా పుట్టించిన ఒక సంకర మొక్కకు తోటలో చోటివ్వాలా వద్దా అన్న ప్రశ్నను హోస్టా పెంచేవాళ్లు పట్టుకున్నంత గట్టిగా చాలా తక్కువ మంది పట్టుకున్నారు. మన దగ్గర కొత్త హైబ్రిడ్‌లకు కొదవ లేదు. రాజీవ్ రహదారి పక్కన, మేడ్చల్ దారిలో ఏ నర్సరీకి వెళ్లినా "కొత్త రకం వచ్చింది సార్" అంటారు. దాన్ని పరీక్షించింది ఎవరు, ఎన్నాళ్లు, ఏ ఊళ్లో అంటే జవాబుండదు. నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది అంతా ఈ లోటు గురించే.

హోస్టాకు అమెరికాలో 1968 నుంచి సంఘం ఉంది. కొత్త రకాల పేర్లు నమోదు చేసే ఏర్పాటు కూడా ఉంది. పేరు పెట్టేవాళ్లు తల్లి ఏది, తండ్రి ఏది, ఎదిగిన మొక్క ఎత్తు, వెడల్పు, ఆకు కొలత, పూల రంగు రాసివ్వాలి. ఎదిగిన మొక్క కొలతలు అడగడంలోనే ఒక జ్ఞానం ఉంది. హోస్టా పిల్లమొక్క ఆకుకీ, నాలుగైదేళ్లు దాటిన మొక్క ఆకుకీ పోలిక ఉండదు. సన్నగా మొదలైన ఆకు వెడల్పవుతుంది, నున్నగా ఉన్నది ముడతలు దేరుతుంది, లేతప్పుడు కొట్టొచ్చినట్టున్న రంగు తేలిపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఎరిక్ స్మిత్ 1961లో ఆలస్యంగా పూసే ఒక చిన్న హోస్టానూ, పెద్ద నీలి ఆకుల సీబోల్డియానానూ కలిపాడు. వచ్చిన మొక్కలకు ముందు పేర్లు పెట్టలేదు, అంకెలు వేసుకున్నాడు. వాటిలో నిలబడ్డ వాటికి తర్వాత ఎప్పుడో పేర్లొచ్చాయి. ఇవాళ ప్రపంచమంతా పెంచే 'హాల్సియన్' వాటిలో ఒకటి. దాని నుంచి ఆకుల మధ్యలో పసుపు తిరిగి విడివడిన 'జూన్' 2001లో అమెరికా హోస్టా పెంపకందార్ల సంఘం ఎంచిన ఆ ఏటి హోస్టా అయింది. అంకె పేరు కావడానికి పట్టే ఆ వ్యవధే అసలు పరీక్ష.

ఆ ప్రపంచంలో జరిగిన ఒక పెద్ద పొరపాటు మనకు ఇంకా ఎక్కువ నేర్పుతుంది. 1990లలో ఆకుల మీద వింత మచ్చలు, సిరా ఒలికినట్టు ఈనెల వెంట పాకే రంగులు ఉన్న కొన్ని హోస్టాలు కొత్త రకాలుగా బజారుకొచ్చాయి. 'లూనసీ', 'బ్రేక్‌డ్యాన్స్', 'లెపర్డ్ ఫ్రాగ్' అని పేర్లు పెట్టుకుని జనం ముచ్చటగా కొన్నారు. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ హోస్టాల్లో ఒక కొత్త వైరస్‌ను గుర్తించాడు. దాన్ని హోస్టా వైరస్ ఎక్స్ అన్నారు. ముచ్చటపడి కొన్న ఆ మచ్చలు రోగ లక్షణాలని తర్వాత తేలింది. సోకిన మొక్క ఏడాది దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఏ గుర్తూ చూపకుండా ఉండగలదు. దాన్ని కోసిన కత్తితో పక్క మొక్కను కోస్తే దానికీ అంటుతుంది. కొత్తదనం మీద మోజు పడ్డ చోట రోగం కూడా అందంగా కనబడుతుందని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ తోటల చరిత్రలో నాకు తెలియదు. మన బెండ తోటలో పసుపు ఈనెల మొక్క కనబడితే రైతు పీకి పారేస్తాడు. అదే పసుపు ఈనెలు కుండీలోని పూలమొక్కకు వస్తే అరుదైన రకమని రెట్టింపు ధర పలుకుతుంది.

హోస్టా చేసే పనిని, అంటే నీడలో నిండుగా ఆకు పరవడాన్ని, మన దగ్గర చేసేవి వేరే ఉన్నాయి. కలేడియం వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది. హోస్టాకు సరిగ్గా తలకిందులైన కాలచక్రం దానిది. అది చలికోసం కాదు, తడి పోయినందుకు నిద్రపోతుంది. దసరా దాటాక ఆకులు వాలి, దుంప కుండీలో పడుకుంటుంది. మృగశిర చినుకులకు మళ్లీ లేస్తుంది. ఈ కాలచక్రం మన వాతావరణానికి అతికినట్టు సరిపోతుంది. అమ్మకానికి వెళ్లే దుంపల్లో ఎక్కువ భాగం ఫ్లోరిడాలోని లేక్ ప్లాసిడ్ చుట్టుపక్కల పండుతాయి, కొత్త రకాలు అక్కడి విశ్వవిద్యాలయం నుంచీ థాయిలాండ్ నుంచీ వస్తాయి. పరీక్ష అక్కడి నేలల్లో, అక్కడి తేమలో జరిగింది. ఇక్కడ చూడాల్సింది వేరు: నిద్రపోయిన దుంప మన పొడి మార్చి, ఏప్రిల్‌లను దాటి ఎంత బరువుతో మిగిలింది, రెండో ఏడు మొదటి ఏటికన్నా ఎక్కువ ఆకులతో లేచిందా తక్కువతోనా అన్నవి. ఆకు రంగు గురించి ఎంత చెప్పినా ఈ రెండూ తెలియకపోతే కలేడియం గురించి ఏమీ తెలియనట్టే.

అగ్లోనీమాలది మరో కథ. ఇండోనేషియాలో గ్రెగోరి హంబాలి 1980లలో ఎర్రటి ఆకుల అగ్లోనీమాను పుట్టించాడు. 'ప్రైడ్ ఆఫ్ సుమత్రా' అన్న ఆ సంకరం తర్వాతే ఆకుపచ్చ మొక్కగా ఉన్నది ఎరుపు, గులాబీ రంగుల్లోకి వచ్చింది. హైదరాబాద్‌లో కరోనా రోజుల్లో వీటి మోజు ఎంత పెరిగిందో చూశాం. ఇంట్లో ఉండే మొక్క గనుక మే ఎండ నేరుగా తగలదు, అందుకే తోట పరీక్షకు ఇది పూర్తిగా లొంగదు. ఇక మన ఇంటి చేమ సంగతి. కూరకు పెంచిన ఈ మొక్కనుంచే హవాయి విశ్వవిద్యాలయంలో జాన్ చో తోటకు తగిన నల్ల ఆకుల, మచ్చల ఆకుల సంకరాలు తీశాడు. తెగుళ్లకు ఓర్చే కూర చేమకోసం మొదలుపెట్టిన పని అక్కడికి చేరింది. చేమ వైవిధ్యం దండిగా ఉన్న తెలుగు నేలలో అలాంటి ప్రయత్నం ఎవరైనా చేస్తే బాగుండునని నా కోరిక.

ఇప్పుడు మందారానికి వస్తాను. ఇంటి పెరట్లో, ప్రయోగశాల అవసరం లేకుండా, ఒక మనిషి తనంతట తాను కొత్త హైబ్రిడ్‌ను పుట్టించి పరీక్షించగల పూలమొక్కల్లో బొల్లారం లాంటి ఊరికి ఇంతకన్నా దగ్గరిది లేదు. పైగా మనం పూజకు కోసే ఎర్ర ఒంటిరెక్క మందారం కూడా ఒక పాత సంకరమే. లిన్నేయస్ 1753లో దానికి చైనా గులాబీ అని అర్థమిచ్చే పేరు పెట్టాడు గానీ అడవిలో సహజంగా పెరిగే మొక్క ఎక్కడా దొరకలేదు. ఇటీవలి జన్యు పరిశోధనలు పసిఫిక్ దీవుల జాతుల కలయికవైపు చూపిస్తున్నాయి. ఇక తెలిసి చేసిన సంకరాలు మారిషస్‌లో మొదలయ్యాయి. 1820లలో చార్లెస్ టెల్ఫేర్ అక్కడి స్థానిక మందారాన్ని ఎర్ర మందారంతో కలిపాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మన తీరం నుంచి తెలుగు కూలీలు అదే దీవిలో చెరకు తోటల పనికి దిగారు. కిందికి వేలాడుతూ రేకులు సన్నగా చీలి ఉండే తూర్పు ఆఫ్రికా మందారం, హవాయి జాతులు, ఫిజీ జాతులు ఒక్కొక్కటే ఈ కలయికలోకి వచ్చాయి. ఈనాటి పెద్దపూల మందారంలో ఎన్ని జాతుల రక్తముందో విడదీయడం కష్టం. క్రోమోజోమ్‌ల సంఖ్య కూడా రకానికీ రకానికీ మారుతుంది. మన ఎర్ర ముద్దమందారానికి కాయ పట్టకపోవడానికి ఇది ఒక కారణం.

అమెరికాలో మందార సంఘం 1950లో ఫ్లోరిడాలో పుట్టింది. అంతర్జాతీయ పేర్ల నమోదు ఆస్ట్రేలియా సంఘం చేతుల్లో ఉంది. వీళ్ల కృషి పెద్దది. కానీ వాళ్ల పోటీల పద్ధతి మందారాన్ని దారి తప్పించిందని నా అభిప్రాయం. మందార పువ్వును కోసి నీళ్లు లేకుండా బల్ల మీద పెట్టినా ఆ రోజంతా విప్పుకునే ఉంటుంది. అందువల్ల పోటీల్లో మొక్కను తేనక్కరలేదు, పువ్వును తెస్తే చాలు. తరాలుగా పువ్వునే చూసి ఎంచిన ఫలితంగా కంచమంత పూలు, ఒకే పువ్వులో నాలుగు రంగులు వచ్చాయి. వాటిని మోసే మొక్క మాత్రం బలహీనపడింది. చాలా హైబ్రిడ్‌లు సొంత వేర్ల మీద సరిగా పెరగవు, మొండి మందారం మీద అంటు కడితేనే నిలబడతాయి. మన నర్సరీల్లో పూణె రకం, ఆస్ట్రేలియా రకం, తైవాన్ రకం అని చెప్పే మొక్కల్లో ఎన్నో ఇలాంటి అంటులే. పెట్టిన పేరు దారిలోనే పోయింది. ఏ పేరూ లేని మొక్క గురించి అల్వాల్‌లో ఒకరు తెలుసుకున్నది తూంకుంటలో ఇంకొకరికి పనికిరాదు. పదేళ్లుగా ఇంత మంది పెంచుతున్నా మన దగ్గర అనుభవం పోగుపడకపోవడానికి మూలం ఇదే.

సంకరం చేయడం కష్టమైన పని కాదు. మందారం మధ్యలోంచి పొడుచుకొచ్చే కాడ మీద పుప్పొడి తిత్తులుంటాయి, దాని కొసన అయిదు చిన్న గుండ్రటి కీలాగ్రాలుంటాయి. పొద్దున పుప్పొడి విడివడ్డాక తండ్రి పువ్వునుంచి తీసి తల్లి పువ్వు కీలాగ్రాలకు అద్ది, తొడిమకు దారం కట్టి తేదీ రాయాలి. వారంలోగా రాలిపోతే అంటుకోనట్టు. నిలిస్తే కాయ ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇదంతా మనకు కార్తీకం నుంచి మాఘం దాకానే. ఎండలు ముదిరాక పుప్పొడి చచ్చుబడిపోతుంది, ఎంత అద్దినా కాయ పట్టదు. గింజ పెంకును కాస్త గీరి నాటితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. మొదటి పువ్వుకు ఏడాది, కొన్నిటికి ఏడాదిన్నర. తల్లిదండ్రులు ఇద్దరూ కలగాపులగపు సంకరాలు గనుక ఒకే కాయలోని గింజలు ఒకదానికొకటి పోలవు. వాటిలో ఎక్కువ భాగం తీసేయాల్సినవే. తీసేయలేకపోవడమే ఇంటి పెంపకందారు పెద్ద ఇబ్బంది. తన చేతిమీదుగా పుట్టిన మొక్కను పీకడం ఎవరికి మాత్రం తేలిక?

ఆ మొదటి పువ్వు విప్పుకున్న రోజున జరిగే పని అందరికీ తెలుసు: ఫోటో తీసి, పేరు పెట్టి, అందరికీ పంపడం. ఆ పువ్వు చాలా భాగం చలికాలంలో విప్పుకుంటుంది. మందారం రంగు చలిలో చిక్కబడుతుంది, పువ్వు పెద్దదవుతుంది, రోజున్నర, రెండు రోజులు కూడా నిలుస్తుంది. అదే మొక్క మేలో చిన్న, వెలిసిపోయిన పువ్వు పూస్తుంది, మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. ముద్దపూలు ఒక్కోసారి ఒంటిరెక్కగా మారతాయి. జనవరి ఫోటో చూపి జూన్‌లో అమ్మే మొక్క గురించి కొనేవాడికి సగం నిజమే తెలుస్తుంది. అందుకని రాసుకునే ప్రతి వివరం పక్కన నెల తప్పకుండా ఉండాలి.

ప్రపంచంలో నమ్మదగ్గ పరీక్షా తోటలు ఏం చేస్తున్నాయో చూస్తే, షికాగో వృక్షోద్యానం బహువార్షిక మొక్కల్ని కనీసం నాలుగేళ్లు చూస్తుంది. ఇంగ్లండ్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1922 నుంచి తోటలో యోగ్యతకు ప్రత్యేకంగా ఒక పురస్కారం ఇస్తోంది, దానికోసం ఒకే జాతి రకాలన్నీ పక్కపక్కన నాటి చూస్తారు. పక్కపక్కన అన్నదే కీలకం. ఒంటరిగా ఉన్న మొక్క ఎప్పుడూ బాగానే కనబడుతుంది. బొల్లారంలో కొత్త మందారం పక్కన నాటాల్సింది మన పాత ఎర్ర ఒంటిరెక్క మందారాన్ని. అదే కొలబద్ద. ఏ నీళ్లు దీనికో ఆ నీళ్లే దానికి, ఏ ఎరువు దీనికో అదే దానికి. ఎర్ర మందారం పచ్చగా ఉండి కొత్తది పాలిపోతే తప్పు నేలది కాదు. రెండూ పాలిపోతే కొత్తదాన్ని తప్పుపట్టకూడదు.

పాలిపోవడం ఇక్కడ మామూలు సమస్య. మనది ఎర్ర చల్క నేల, రెండడుగులు తవ్వితే మొరం, ఇంకా తవ్వితే గ్రానైటు బండ. కొత్త ప్లాట్లలో దాని మీద కట్టడపు శిథిలాలు, సున్నం, సిమెంటు ముక్కలు కలిసిపోయి ఉంటాయి. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఇవన్నీ కలిసి మట్టిని క్షారం వైపు నెడతాయి, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు, కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపవుతుంది. 2015 చివర ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయర్ మీదుగా ఉత్తర శివార్లకు రావడం మొదలైంది. ఇప్పుడు ఒకే వీధిలో ఒక ఇంట్లో నల్లా నీళ్లతో, పక్కింట్లో బోరు నీళ్లతో మొక్కలు పెరుగుతున్నాయి. ఒకే హైబ్రిడ్ రెండిళ్లలో రెండు రకాలుగా కనబడితే ముందు అడగాల్సింది నీళ్ల సంగతి. ఈ చిన్న వివరం రాసుకోని పరీక్ష ఈ ప్రాంతంలో చెల్లదనే అంటాను.

కొత్త మొక్క ఒక్కటే ఉంటే అది బతికినా చచ్చినా ఏమీ రుజువు కాదు. కొమ్మలు తీసి నాటి కనీసం మూడు చేసుకోవాలి: ఒకటి నేలలో, ఒకటి కుండీలో, ఒకటి వేరే వీధిలో స్నేహితుల ఇంట్లో. కొమ్మ వేరు పోసుకోవడమే ఒక పరీక్ష. ఎంత ప్రయత్నించినా వేరు పోయని, అంటుకే లొంగే మొక్క పక్కింటివాళ్లకు ఇవ్వడానికి పనికిరాదు, ఒక తరం దాటి బతకదు. సొంత వేరు మీద నిలిచే మొక్కకు నేను ముందు మార్కులు వేస్తాను, పువ్వు కాస్త చిన్నదైనా సరే. ఇది నా పక్షపాతమే, కానీ కారణం లేని పక్షపాతం కాదు.

కొన్న మొక్క విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. కుండీ మొక్కల వ్యాపారంలో పొట్టిగా, గుబురుగా ఉంచడానికి పెరుగుదలను అణిచే మందులు వాడటం ప్రపంచమంతా ఉంది. ఆ మందు ప్రభావం నెలలపాటు ఉంటుంది. పొట్టి రకమని తెచ్చిన మందారం రెండో ఏడు మనిషెత్తు దాటితే ఆశ్చర్యపోనక్కరలేదు, అప్పుడే దాని అసలు స్వరూపం బయటపడింది. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కల విషయంలో మరొకటి కూడా ఉంది. కడియపులంక నర్సరీల గోదావరి ఒండ్రు, ఆ గాలి తేమ మొక్కను ఏపుగా పెంచుతాయి. అక్కడి నుంచి దక్కన్ పీఠభూమి పొడిగాలిలోకి వచ్చిన మొక్క ఆకులు రాల్చడం సహజం. మొదటి రెండు నెలల్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండటమే న్యాయం.

అసలు పరీక్ష ఏప్రిల్ నడిమి నుంచి మృగశిర దాకా. పగలు 40 డిగ్రీల చుట్టూ, గాలిలో తేమ అడుగంటిన రోజుల్లో కొత్త మొక్క ఏం చేస్తుందో వారం వారం చూడాలి. ఆకు అంచులు మాడుతున్నాయా, మొగ్గలు విప్పుకోకుండానే రాలుతున్నాయా, వారంలో విప్పుకున్న పూలెన్ని, పక్కనున్న ఎర్ర మందారానికి ఎన్ని. మొగ్గ రాలడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, తామర పురుగులు గీకినా, మొగ్గలో దూరిన ఈగ పిల్లలు తిన్నా రాలుతుంది. రాలిన మొగ్గను విప్పి చూస్తే తెలిసిపోతుంది. వానలు పడ్డాక రెండో ప్రశ్న: ఎంత త్వరగా తేరుకుంది? నాకు తెలిసిన పాత రకాలు పది పదిహేను రోజుల్లో కొత్త చిగుళ్లతో నిండిపోతాయి. ఆగస్టు వచ్చినా కొమ్మ చివర్లు మోడుగా ఉన్న హైబ్రిడ్‌కు మన ఊళ్లో భవిష్యత్తు లేదు. ఆ తర్వాత వాన పరీక్ష. మొరంలో తవ్విన గుంట తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేరు కుళ్లు అక్కడే మొదలవుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఎన్ని తోటల్ని ముంచిందో హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోలేదు. అలాగే 2015 మే చివరి వడగాడ్పులు. మూడేళ్ల పరీక్షలో ఇలాంటి ఏడు ఒక్కటి కూడా తగలకపోవచ్చు. అందుకే మూడేళ్లు చాలునన్న మాట నేను అనలేను. అయిదేళ్లయితే కొంత ధైర్యంగా చెప్పొచ్చు.

పిండినల్లి లేకుండా మందారం గురించి మాట్లాడలేం. 2008లో కోయంబత్తూరు దగ్గర మొదట కనబడిన బొప్పాయి పిండినల్లి రెండేళ్లలో దక్షిణాదంతా పాకి మందారాన్నీ వదల్లేదు. 2010లో ప్యూర్టో రికో నుంచి తెచ్చిన చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని అదుపులోకి తెచ్చింది, పెద్ద విజయం అది. ప్రతి వారం మందు కొట్టే తోటలో ఆ కందిరీగ బతకదు, కొత్త హైబ్రిడ్ పురుగుకు ఎంత ఓర్చుకుంటుందో కూడా తెలియదు. పరీక్షలో ఉన్న మొక్కకు మందు కొట్టకూడదు, నీళ్లధారతో కడగడం వరకే అనుమతించాలి. పోతే పోనీ అనుకునే గుండె దిటవు కావాలి.

ప్రభుత్వ చట్టం ఇందులో ఎక్కడుందని అడగొచ్చు. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. కొత్త రకం వేరుగా ఉందా, మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయా, తరతరాలకు అలాగే ఉంటుందా అని అది చూస్తుంది. మంచిదా అని చూడదు. ఎండకు మాడే మొక్క కూడా వేరుగా, ఒకేలా, స్థిరంగా మాడితే రిజిస్టరవుతుంది. యోగ్యత తేల్చే పని వేరేవాళ్లు చేయాలి. రాజేంద్రనగర్‌లో అఖిల భారత పూలసాగు సమన్వయ పథకం కేంద్రం ఉంది, అక్కడి శ్రద్ధ సహజంగానే చేమంతి, బంతి, గ్లాడియోలస్, లిల్లీ వంటి బజారు పూల మీద. రైతు ఆదాయం ముందు, పెరటి ముచ్చట తర్వాత. ఆ క్రమాన్ని నేను తప్పుపట్టను.

బజారు పూలలో ఒకటి ఈ విషయంలో మంచి ఉదాహరణ. ఢిల్లీ కనకాంబరం మూడు సెట్ల క్రోమోజోమ్‌ల మొక్క, గింజ పట్టదు, కొమ్మలతోనే పెంచాలి. నారింజ రంగు, పువ్వు పరిమాణం నచ్చి దక్షిణాది రైతులు దాన్ని విరివిగా వేశారు. ఎండు తెగులుకూ నులిపురుగుకూ అది లోబడుతుందన్నది పొలాల్లోనే తెలిసింది. సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానంలో రుమానీ, నీలం మామిళ్లను కలిపి తీసిన 'మంజీర' మరోలాంటిది. పొట్టి చెట్టు, ఏటా కాపు, పెరటికి అన్ని విధాలా తగినది. అయినా మన పెరళ్లలో బంగినపల్లిదే రాజ్యం. పరీక్ష నెగ్గిన మొక్క గురించి జనానికి చెప్పేవాళ్లు లేకపోవడం కూడా ఒక లోటే.

చోటు కొరత అసలు లేదు. పక్కనే బొల్లారం రాష్ట్రపతి నిలయం, 90 ఎకరాల ఆవరణ, 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా సందర్శకులకు తెరిచి ఉంచుతున్నారు. నక్షత్ర వనం, ఔషధ మొక్కల తోట ఇప్పటికే ఉన్నాయి. జీడిమెట్లలో ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారిలో పోతే ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వీటిలో ఏ ఒక్కచోటైనా పేరుపలకలతో ఒక వరుస మందారాలు నాటి, మే నెలలో కూడా జనాన్ని రానిస్తే, ఫోటోలు చెప్పలేనిది ఆ వరుస చెబుతుంది. అది జరిగేదాకా కాలనీ పార్కులున్నాయి, ఇళ్లున్నాయి. తుమ్మేటి రఘోత్తమ రెడ్డి మిద్దెతోటను ఒక ఉద్యమంలా నడిపిన ఊరు ఇది. కూరగాయల విషయంలో ఏ విత్తనం ఏ నెలలో బాగుంటుందో మిద్దెతోటల వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు, ఆ జ్ఞానం పోగుపడింది. పూలమొక్కలకు అదే పద్ధతి పనిచేస్తుంది.

మిద్దె మీది పరీక్ష మాత్రం నేల మీదిదానితో కలపకూడదు. స్లాబు వేడికి మేలో కుండీ మట్టి కాగిపోతుంది, పడమటి వైపు వేర్లు ఉడికిపోతాయి. నేలలో నెగ్గిన హైబ్రిడ్ అక్కడ ఓడొచ్చు, వేరు తక్కువ పరిచే చిన్న మొక్క అక్కడే నెగ్గొచ్చు. పుస్తకంలో రెండు వేర్వేరు పేజీలు కేటాయించాలి: మొక్క అంకె, తల్లి, తండ్రి, సొంత వేరా అంటా, నేలా మిద్దా, నల్లా నీళ్లా బోరా, ఆ తర్వాత నెలవారీ వివరాలు. ఈ కార్తీకంలో కాయ పట్టించిన గింజకు ముందు అంకె ఒక్కటే వేయాలి. దాని పేరు సంగతి అయిదో రోహిణి కార్తె దాటాక ఆలోచించవచ్చు.